రెండు ఆసులు పడితే సగం గెలిచినట్టేనా?

సంపాదకుల వారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో పేకాట లెక్కల మీద వచ్చిన వ్యాసం చదివాను. పోకర్ టోర్నమెంటులో మొదటి రెండు ముక్కలూ ఆసులే పడితే సగం గెలిచినట్టేనని, ఆ బలం బయటపడకుండా దాచుకుని ఎంతమంది వస్తే అంతమందిని ఆటలోకి రానివ్వాలని అందులో ఉంది. ఈ రెండు మాటలూ తప్పే. కావలిలో 31 ఏళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. కాంబినేషన్ల పాఠం వచ్చిన ప్రతి ఏడూ క్లాసులోకి పేకముక్కలు తీసుకెళ్లిన దాన్ని. ఈ తప్పు చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. రెండేళ్ల కిందట నా దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడు ఇంటికొచ్చాడు. బీటెక్ చదివేవాడు. హాస్టల్ ఫీజు కోసం ఇంట్లో ఇచ్చిన డబ్బు ఫోన్‌లో పోకర్ ఆడి పోగొట్టుకున్నాడు. వరండాలో కూర్చుని, కాఫీ కూడా ముట్టకుండా వాడు అడిగింది ఒకటే. "మేడమ్, నా చేతిలో రెండు రాజులున్నాయి. ఎట్లా పోతుంది మేడమ్? అది మోసమే గదా?" ఎక్కడో ఏదో మోసం జరిగిందనే వాడి నమ్మకం. పాత నోటుబుక్కు తెచ్చి లెక్క వేసి చూపించాను. చేతిలో రెండు రాజులుండి, ఎదుట ఒకే ఒక్క మనిషి ఏ ముక్కలో తెలియకుండా చివరిదాకా వస్తే, రాజులు గెలిచేది 100కి 82 సార్లు. ఆ మిగిలిన 18 ఎక్కడికీ పోవు, ఎవరో ఒకరి నెత్తిన పడతాయి. వాడు ఆ 18 అంకె కింద పెన్నుతో రెండు గీతలు గీసుకున్నాడు. మంచి ముక్కలంటే గెలుపు ఖాయమని ఎవరో చెబితే నమ్మినవాడు వాడు. మీ వ్యాసం కూడా అదే చెప్పింది.

ముందే ఒక మాట చెప్పాలి. డబ్బు పెట్టి ఆడమని నేను ఎవరికీ చెప్పడం లేదు. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ పేకాటను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ దేశమంతటా నిషేధమయ్యాయి. ఆ పిల్లవాణ్ణి చూశాక ఆ చట్టం వచ్చినందుకు నేను సంతోషించాను. కానీ ఆటలోని లెక్క వేరు, పందెం వేరు. ఆ లెక్క తప్పుగా అచ్చవకూడదనే నా బాధ.

మా ఇంట్లో ఈ ఆట ఎలా వచ్చిందో చెబుతాను. జలదంకి దగ్గర మా అత్తగారి ఊళ్లో సంక్రాంతికి అందరం కలుస్తాం. ఒక ఏడు అమెరికా నుంచి వచ్చిన మా పెద్దల్లుడు, రమ్మీ ఆడి ఆడి విసుగొచ్చింది, పోకర్ నేర్పుతానన్నాడు. పందేలకు వాడే బిళ్లలు, అంటే చిప్స్, లేవు. మా అత్తగారు పాత డబ్బా తెచ్చి చాప మీద కుమ్మరించారు: గచ్చకాయలు, గవ్వలు, చింతపిక్కలు. గచ్చకాయ 500, గవ్వ 100, చింతపిక్క 25 అనుకున్నాం. ఒక్కొక్కరికి 6 గచ్చకాయలు, 16 గవ్వలు, 16 చింతపిక్కలు, మొత్తం 5,000. పైసా పందెం లేదు. మొదట నిలిచినవాళ్లకు అరిసెల డబ్బా, రెండో వాళ్లకు నువ్వులుండలు. అప్పటినుంచి ఏటా కనుమ రాత్రి మా ఇంట్లో టోర్నమెంటే.

తెలియనివాళ్ల కోసం ఆట రెండు మాటల్లో: ఒక్కొక్కరికి రెండు ముక్కలు, ఎవరివి వాళ్లకే. తర్వాత మధ్యలో అందరికీ ఉమ్మడిగా మూడు ముక్కలు తెరుస్తారు. దాన్ని ఫ్లాప్ అంటారు. ఆపైన ఒకటి టర్న్, ఇంకొకటి రివర్. ఉన్న ఏడింటిలో మంచి అయిదు ఎవరివైతే వాళ్లు గెలుస్తారు. ప్రతి దశలోనూ పందెం పెంచవచ్చు, ఎదుటివాళ్లు వేసినంతే వేసి కాల్ చేయవచ్చు, లేదంటే ముక్కలు పారేసి తప్పుకోవచ్చు. పంచే ముందే ఇద్దరు తప్పనిసరిగా వేయాల్సిన పందేలు ఉంటాయి. అవే చిన్న బ్లైండ్, పెద్ద బ్లైండ్. టోర్నమెంటులో ఇవి గంట కొట్టినట్టు పెరుగుతూ పోతాయి. చిప్స్ అయిపోతే లేచి వెళ్లిపోవడమే.

ఇక ఆసుల సంగతి. 52 ముక్కల్లో రెండు ముక్కలు 1,326 రకాలుగా పడవచ్చు. అందులో ఆసుల జోడీలు 6. అంటే 221 సార్లకు ఒకసారి. మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఆడే బల్ల దగ్గర గంటకు సుమారు 30 సార్లు పంచుతారు. ఆ లెక్కన ఆసుల జోడీ సగటున ఏడు గంటలకు పైగా ఆడితే ఒకసారి వస్తుంది. లాస్ వేగాస్‌లో ఏటా జరిగే పెద్ద టోర్నమెంటుకు 2024లో 10,112 మంది వచ్చారు. ఒక్కొక్కరికి 60,000 చిప్స్ ఇచ్చి మొదలుపెడితే రోజుల తరబడి ఆడతారు. అంత పెద్ద ఆటలో ఏడు గంటలకోసారి పడే ముక్కలు సగం గెలుపు ఎలా అవుతాయి? అవి రావడం అదృష్టం. వచ్చాక ఎంతమందిని ఆటలో ఉండనిచ్చామన్నది మన చేతిలో ఉన్న విషయం.

ఇక్కడే వ్యాసం అసలు తప్పు చేసింది. ఎదుట ఒక్కరే ఉంటే ఆసుల జోడీ 100కి 85 సార్లు గెలుస్తుంది. ఇద్దరుంటే 73. ముగ్గురుంటే 64. అయిదుగురు వచ్చారంటే 49, అంటే సగం కూడా లేదు. తొమ్మిదిమందీ చివరిదాకా ఉంటే 31. ఆసులు మారలేదు. మధ్యలో తెరిచే అయిదు ముక్కలు అందరివీ కావడమే కారణం. ఎంతమంది ఉంటే అన్ని రకాలుగా ఆ అయిదూ ఎవరికో ఒకరికి అతుకుతాయి.

రమ్మీకి అలవాటు పడ్డ మనకు ఇది వెంటనే ఎక్కదు. మా నాన్న బిట్రగుంట లోకోషెడ్‌లో ఫిట్టరుగా చేశారు. స్టీమ్ ఇంజన్ల రోజులు. డ్యూటీ దిగి, చేతులకంటిన నూనె మట్టితో తోముకుని, క్వార్టర్ల వరండాలో రమ్మీకి కూర్చునేవారు. పంచగానే సీక్వెన్సు, పక్కన జోకరు పడితే ఎదుట ఇద్దరున్నా అయిదుగురున్నా ఆయన ముఖంలో తేడా ఉండేది కాదు. రమ్మీలో మన సీక్వెన్సు మనదే, ఎదుటివాడు వచ్చినంత మాత్రాన అది చెడిపోదు. పోకర్‌లో అలా కాదు. పక్కన ఒక మనిషి ఎక్కువ కూర్చుంటే మన చేతి విలువ అంత తగ్గుతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు, నా చేత్తో నేను చేసిన తప్పు. మూడో ఏటి సంక్రాంతి. చాప మీద ఎనిమిదిమంది ఉన్నాం. బ్లైండ్లు 100, 200. నా దగ్గర 8,000. నేను పెద్ద బ్లైండ్ పక్కన కూర్చున్నాను కాబట్టి మొదట మాట్లాడాల్సింది నేనే. ముక్కలు కొంచెం ఎత్తి చూస్తే ఇస్పేటు ఆసు, ఆఠీను ఆసు. గుండె దడదడలాడింది. మీ వ్యాసం చెప్పినట్టే చేశాను. బలం బయటపడకూడదని రెండు గవ్వలు మాత్రం ముందుకు తోసి ఊరుకున్నాను. మరిది వచ్చాడు, తోటికోడలు వచ్చింది, అల్లుడు వచ్చాడు, చిన్న బ్లైండ్ వేసిన మా అబ్బాయి ఇంకో గవ్వ కలిపాడు. పెద్ద బ్లైండ్ మా ఆడపడుచు కొడుకుది. వాడు కొత్తగా ఏమీ వేయనక్కర్లేదు, ఊరికే ఉండిపోయాడు. ఆరుగురం, మధ్యలో 1,200.

ఫ్లాప్ తెరిచారు. కళావరు తొమ్మిది, కళావరు ఎనిమిది, డైమన్ అయిదు. నేను 800 వేశాను. తోటికోడలు, ఆడపడుచు కొడుకు కాల్ చేశారు. టర్న్ డైమన్ రెండు. నేను 2,000 వేశాను. తోటికోడలు పారేసింది. వాడు మాత్రం తన ముందున్న కుప్పంతా రెండు చేతులతో తోసేశాడు. నా దగ్గర మిగిలింది 5,000. అప్పుడే ఆగి ఆలోచించాల్సింది. చేతిలో ఆసులున్నాయి గదా అని అదీ తోసేశాను. వాడివి తొమ్మిదీ అయిదూ. మధ్యలో ఉన్న తొమ్మిది, అయిదుతో కలిసి రెండు జోడీలు, నా ఒక్క ఆసుల జోడీ కంటే పెద్దవి. కనిపించని 44 ముక్కల్లో నన్ను గట్టెక్కించేవి ఎనిమిదే: ఆసులు రెండు, ఎనిమిదులు మూడు, రెళ్లు మూడు. రివర్‌లో రాణి వచ్చింది.

గచ్చకాయలు తన వైపు లాక్కుంటూ వాడన్నాడు: "ఏందత్తా, ఆసులు పెట్టుకొని నన్ను ఊరికే రానిచ్చినావు? ఏడొందలు అని ఉంటే ఆ తొమ్మిదీ అయిదూ పారేసి పొయ్యుండేవాణ్ణి గదా!"

అదీ అసలు సంగతి. తొమ్మిదీ అయిదూ పట్టుకున్నవాడు ఆటలోకి రావడానికి నేను వాడి దగ్గర ఏమీ తీసుకోలేదు. పెద్ద బ్లైండ్‌కు మూడింతలు, మూడున్నర ఇంతలు మొదటే పెంచి ఉంటే పనికిరాని ముక్కలవాళ్లు తప్పుకునేవాళ్లు. రాజు-రాణి, పదుల జోడీ లాంటివి పట్టుకున్న ఒకరో ఇద్దరో ఉండేవాళ్లు. వాళ్లు నాకంటే వెనకబడిన ముక్కలతో ఎక్కువ చిప్స్ పెట్టేవాళ్లు. నాకు కావాల్సింది అదే. పెంచితే అందరూ పారిపోతారేమోననే భయంతోనే చాలామంది దాస్తారు. బలమైన ముక్కలకే కాకుండా మధ్యరకం వాటికీ అదే మొత్తం పెంచే అలవాటున్నవాళ్లను ఎవరూ పసిగట్టలేరు. ఈ మాట మా అల్లుడు మొదటి రోజే చెప్పాడు. నాకు మూడేళ్లకు అర్థమైంది.

బల్ల మీద చాలామంది దూకుడుగా పెంచేవాళ్లుంటే, వాళ్లే పెంచుతారని ఒక్కోసారి ఆసులను ఊరికే ఉంచడంలో అర్థముంది. అది బల్ల చూసి, మనుషులను చూసి చేయాల్సిన పని. అందరూ ఊరికే కాల్ చేసుకుంటూ పోయే మా ఇంటి చాప మీద అది పనికిరాదు. పదిమందికి చెప్పే వ్యాసంలో సూత్రంలా అసలు రాయకూడదు.

ఇంకొకటి. బలమైన ముక్కలు పట్టుకున్నవాళ్లకు వదిలేయడం కూడా వచ్చి ఉండాలి. వ్యాసంలో దీని ఊసే లేదు. చేతిలో రాజుల జోడీ ఉన్నప్పుడు ఫ్లాప్‌లో కనీసం ఒక ఆసు పడే అవకాశం 100కి 22 పైనే. రాణుల జోడీ అయితే ఆసు గానీ రాజు గానీ పడేది 41 సార్లు. అంటే పెద్ద జోడీ పట్టుకున్న మనిషికి ఇబ్బంది రావడం వింతేమీ కాదు, మామూలు సంగతి. ఆ మరుసటి ఏడు నాకు రాజులు పడ్డాయి. బ్లైండ్లు 150, 300. ఈసారి 900కి పెంచాను. తోటికోడలు, మరిది ఇద్దరే ఉన్నారు. ఫ్లాప్: డైమన్ ఆసు, ఇస్పేటు పది, కళావరు నాలుగు. 1,200 వేసి చూశాను. మరిది పారేశాడు. తోటికోడలు 3,600 అంది. ఆమె సంగతి నాకు తెలుసు. చేతిలో ఏమీ లేకుండా చింతపిక్క కూడా కదపదు. రాజులను బోర్లా పెట్టి ముందుకు తోసేశాను. పోయింది 2,100. ఇంకా 9,900 మిగిలాయి. "అక్కా, చూపిస్తా చూడు" అని తన ముక్కలు తిప్పింది. ఆసు, రాణి. ఆ రాత్రి నేను గెలిచిన మంచి ఆటల కంటే ఆ వదిలేయడమే నాకు ఎక్కువ తృప్తినిచ్చింది.

చిప్స్ తగ్గినప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. టోర్నమెంటులో మన దగ్గర ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యం కాదు, పెద్ద బ్లైండ్‌కు ఎన్నింతలు ఉన్నాయన్నది చూడాలి. అదే రాత్రి ఆఖర్న బ్లైండ్లు 300, 600 అయ్యేసరికి నా దగ్గర 5,400, అంటే తొమ్మిదింతలే. రాణుల జోడీ పడింది. ఇక్కడ 1,500కి పెంచి కూర్చుంటే ఎదుటివాళ్లకు ఫ్లాప్ చూసే అవకాశం ఇచ్చినట్టే. ఆసో రాజో పడే 41 సార్లలో నాకు దిక్కు తోచదు. మిగిలిన 3,900తో తప్పుకున్నా బ్లైండ్లు నాలుగైదు చుట్లలో తినేస్తాయి. అందుకని మొత్తం ఒక్కసారే తోశాను. మరిది ఆసు-రాజుతో కాల్ చేశాడు. అవి వేర్వేరు రంగులు. అలాంటప్పుడు రాణులు గెలిచేది 100కి 57 సార్లు. గట్టెక్కాను. అటైనా ఇటైనా అది సరైన ఆటే. పెద్ద బ్లైండ్‌కు పది పన్నెండింతలకు దిగితే మొత్తం తోసేయడం, లేదా పారేయడం, ఈ రెండే ఎక్కువసార్లు మంచి దారులు.

టోర్నమెంటుకు, నేరుగా డబ్బుతో ఆడే ఆటకు ఉన్న తేడా కూడా వ్యాసకర్త పట్టించుకోలేదు. టోర్నమెంటులో పోయిన చిప్స్ మళ్లీ కొనుక్కోవడం సాధారణంగా కుదరదు. 80 శాతం గెలుపు ఉన్న చేతితో మొత్తం తోసి ఒకసారి నిలబడటం తేలికే. వరసగా అయిదుసార్లు నిలబడాలంటే 0.8ని అయిదుసార్లు గుణించాలి. వచ్చేది 0.33. మూడింట ఒక వంతు. ఆసులతో రాజుల మీద ఆడటమంటే దాదాపు ఆ 80 లాంటిదే. అంత బలమైన ముక్కలతో అయిదుసార్లు సరిగ్గా ఆడిన ముగ్గురిలో ఇద్దరు మధ్యలో లేచి వెళ్లిపోతారు. వాళ్లు తప్పుగా ఆడలేదు. నా దగ్గరికొచ్చిన పిల్లవాడికి ఈ గుణకారం చూపించినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు.

బహుమతులకు ఒకరిద్దరి దూరంలో ఉన్నప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. మా ఇంట్లో బహుమతులు రెండే. ముగ్గురు మిగిలారనుకోండి. నాకు ఆసు-రాజు పడింది, నాకంటే ఎక్కువ గచ్చకాయలున్న మరిది ముందే మొత్తం తోశాడు, మూడో మనిషి దగ్గర నాలుగు గవ్వలే ఉన్నాయి. మామూలు ఆటలో ఆ కాల్ చేయవచ్చు. ఇక్కడ కాసేపు ఆగితే ఆ మూడో మనిషి తనంతట తానే పోతాడు, నువ్వులుండలు ఖాయమవుతాయి. చిప్స్ రెట్టింపైతే బహుమతి రెట్టింపు కాదు గానీ, చిప్స్ అన్నీ పోతే బహుమతి అంతా పోతుంది. అదే ఆసు-రాజు, అదే నేను. పక్కవాడి దగ్గర ఎన్ని గవ్వలున్నాయో చూసి నిర్ణయం మారాలి. పెద్ద టోర్నమెంట్లలో ఆడేవాళ్లలో సుమారు 15 శాతం మందికి డబ్బు వస్తుంది. ఆ గీత దగ్గరికొచ్చినప్పుడు అనుభవజ్ఞులు మంచి ముక్కలను కూడా పారేసేది ఇందుకే. ఆసుల జోడీని మాత్రం మొదటి పందెంలో పారేసే పరిస్థితి దాదాపు రాదు.

ఆడవాళ్లకు ఈ లెక్క ఎందుకని మా వీధిలోనే ఒకరిద్దరు అన్నారు. 2018లో లాస్ వేగాస్‌లో జట్టుగా ఆడే పోకర్ టోర్నమెంటులో మన దేశపు అమ్మాయి నికితా లూథర్ తన జోడీదారుతో కలిసి గెలిచి, విజేతలకిచ్చే బ్రేస్‌లెట్ తెచ్చుకుంది. కాంబినేషన్ల పాఠం చెప్పేటప్పుడు అమ్మాయిల వైపు తిరిగి ఆ పేరు చెప్పాను.

సంపాదకుల వారూ, మీ అనుబంధం మా కావలిలో పిల్లలు కూడా చదువుతారు. వచ్చే ఆదివారం అదే పేజీలో చిన్న సవరణ వేయండి. ఎదుట ఒక్కరుంటే 85, ఇద్దరుంటే 73, ముగ్గురుంటే 64, నలుగురుంటే 56, అయిదుగురుంటే 49. ఈ అయిదు అంకెలు చాలు. స్థలం ఉంటే రాజుల జోడీ పక్కన ఆ 82 కూడా వేసి, మిగిలిన 18ని కొంచెం పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించండి. ఆ పిల్లవాడు ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాడు. పత్రిక కటింగ్ నేనే వాడికి పోస్టులో పంపుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల లెక్చరర్,
కావలి, నెల్లూరు జిల్లా.
(పేరు ప్రచురించవద్దని మనవి.)